నీలం ఇంజనూ ఖాదర్ ఉస్తాదూ

కూర్మారావుకి ఒకటే బాధ. తన ఇంజనును ఎవరూ ప్రేమించడం లేదు.

కొండల అంచున తిరిగే ఆ చిన్న గేజి లైనుకి మొట్టమొదట వచ్చిన డీజిలు ఇంజను అది. పెద్ద రైలు మీద ఎక్కించి తెచ్చి, క్రేనుతో ఎత్తి, సన్నటి పట్టాల మీద దించారు. నీలం రంగు, నడుముకి తెల్లటి పట్టీ. దాన్ని నడపడం నేర్చుకు రమ్మని కూర్మారావుని ట్రైనింగుకి పంపారు. అతను తిరిగొచ్చేసరికి ఆవిరి ఇంజన్లు షెడ్డు వెనక వరసగా నిలబడి ఉన్నాయి. చక్రాల మధ్య అప్పుడే గడ్డి మొలుస్తోంది.

తర్వాత్తర్వాత ఆ దారిలో జనం ఈ ఇంజనుని ఇంటి మనిషిలా చూసుకున్నారు. చిన్న గేజి పట్టాలు తీసేసే ముందు, ఆఖరి రోజున, పసుపు రాసి దండలు వేసి సాగనంపారు. కానీ వచ్చిన కొత్తలో సంగతి వేరు. "మూగబండి" అన్నారు దాన్ని, ఛుక్ ఛుక్ మనదని. పిల్లలు పక్కన పరిగెత్తడం మానేశారు.

కూర్మారావుకి బండి నడపడం నేర్పింది ఖాదర్ ఉస్తాద్. ముప్పై ఏళ్ళకు పైగా ఆవిరి ఇంజను నడిపిన మనిషి. రిటైరవడానికి ఇంకా కొద్ది నెలలే ఉంది కనక డీజిలు నేర్చుకోమని ఆయన్నెవరూ అడగలేదు. ఆయనే పై అధికారి దగ్గరికి వెళ్ళి, ఈ కొద్ది నెలలూ తన శిష్యుడి పక్కన అసిస్టెంటుగా కూర్చుంటానని అడిగి మరీ వచ్చాడు.

మొదటి రోజు కూర్మారావు డ్రైవరు సీట్లో కూర్చోలేక నిలబడిపోయాడు.

"కూర్చో నాయనా, బండికి టైమైంది" అని ఉస్తాద్ అవతలి సీట్లో సర్దుకున్నాడు.

అప్పట్నుంచి రోజూ కూర్మారావు తెల్లారకముందే షెడ్డుకి వెళ్ళి ఇంజనుని తళతళలాడేలా తుడిచేవాడు. ఒక్క కుదుపు లేకుండా నడిపేవాడు. అయినా హాల్టుల్లో జనం దానివంక ఒకసారి చూసి మొహం తిప్పుకునేవారు.

అందరికంటే ఎక్కువగా అతన్ని బాధపెట్టింది లింగాలగూడ హాల్టులో ఒక ముసలమ్మ. పేరు గున్నమ్మ. ఆవిరి ఇంజను రోజుల్లో పొద్దుటి బండికి కుండ పట్టుకుని ఎదురొచ్చేది. ఉస్తాద్ ఇంజను కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ వేడినీళ్ళు కుండలో పడేవి. డీజిలు వచ్చిన మొదటి రోజు కూడా అలాగే వచ్చి కుండ చాపింది.

కూర్మారావు నవ్వేశాడు. "ఇది డీజిలమ్మా. దీంట్లో మరిగే నీళ్ళూ ఉండవు, ఆవిరీ ఉండదు!"

ఆమె కుండ చంకకెత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

కానీ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. దూరంగా నిలబడి, ఇంజనుని చూసి, ఖాళీ కుండతో తిరిగి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం షెడ్డులో కూర్మారావు ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, దీనికేం తక్కువ? బొగ్గు మసి లేదు. దార్లో నీళ్ళకి ఆగక్కర్లేదు. కొండెక్కేటప్పుడు ఆయాసపడదు. ఆ లింగాలగూడ ముసలమ్మ చూడండి, రోజూ పనిగట్టుకుని వచ్చి దీన్ని చీదరించుకుని పోతోంది."

ఉస్తాద్ బీడీ ఆర్పేసి లేచాడు. ఇంజను పొడవునా చేత్తో తడుముతూ నడిచాడు.

"నాకు దీని సంగతి తెలీదు. నువ్వు చెప్పు. ఇది ఎక్కడ వేడెక్కుతుంది?"

కూర్మారావు మొహం వెలిగిపోయింది. గురువు తనని పాఠం అడుగుతున్నాడు! తలుపులు తెరిచి చూపించాడు. నీళ్ళు ఎటు తిరిగి ఇంజనుని చల్లబరుస్తాయో, రేడియేటరు దగ్గర ఫ్యాను ఆ వేడినంతా ఎటు నెడుతుందో విడమరచి చెప్పాడు. ఉస్తాద్ బడిపిల్లాడిలా విన్నాడు. చివర్లో, వేడిగాలి వచ్చే జాలీ ముందు అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

"ఇంత వేడీ ఎక్కడికి పోతోంది?"

"ఎక్కడికేముంది ఉస్తాద్? గాల్లోకి."

ఉస్తాద్ తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఆయన ఇంటి దగ్గర్నుంచి మూతున్న పాలక్యాను ఒకటి తెచ్చాడు. నిండా నీళ్ళు. ఇనపతీగతో దాన్ని జాలీకి కట్టబోతుంటే కూర్మారావు కంగారుపడ్డాడు.

"అక్కడొద్దు ఉస్తాద్, గాలికి అడ్డం. ఇటు ఈ అంచున కడదాం. వేడి తగులుతుంది, దేనికీ అడ్డం రాదు." తానే తీగ అందుకుని గట్టిగా బిగించాడు. ఎందుకని మాత్రం అడగలేదు. గురువు టీ కోసమేమో అనుకున్నాడు.

లింగాలగూడ వచ్చింది. గున్నమ్మ ఎప్పటిలాగే దూరంగా నిలబడి ఉంది.

"నాకు మోకాళ్ళు పట్టేశాయి నాయనా. ఆ క్యాను నువ్వు దించు" అన్నాడు ఉస్తాద్.

కూర్మారావు ఒక్క క్షణం ఆయనవైపు చూశాడు. తర్వాత దిగాడు. క్యానుకి గోనె చుట్టి పట్టుకుని ఆమె దగ్గరికి నడిచాడు.

"అమ్మా, కుండ పట్టు."

"డీజిలుకి నీల్లుండవన్నావు గదా బాబూ?"

"పట్టమ్మా."

కుండలోంచి ఆవిరి లేచింది. గున్నమ్మ వేలు ముంచి చటుక్కున తీసేసింది. ముసలి మొహం అంతా విచ్చుకుంది.

"ఎవరికమ్మా ఈ నీళ్ళు?" ఇన్నాళ్ళలో అతను అడగడం అదే మొదలు.

"మా ముసిలోడికి బాబూ. కాలూ సెయ్యీ పడిపోనాయి. పొద్దున్నే కాపడం పెడితేగానీ వేళ్ళు కదపలేడు. వానాకాలం పుల్లలు మండవు గదా."

"మరి డీజిలు వచ్చాక కూడా రోజూ వచ్చావెందుకు?"

"పాతింజిను తిరిగొస్తాదేమోనని."

కూర్మారావు క్యానుకి మూత బిగించాడు. "రేపు కూడా రా అమ్మా. రోజూ ఉంటాయి" అన్నాడు.

వెనక గార్డు ఈల వేసి జెండా ఊపుతున్నాడు. కూర్మారావు పరిగెత్తి వచ్చి సీట్లో కూర్చున్నాడు. గున్నమ్మ ఇల్లు పట్టాలకి అవతల. నిండు కుండ నెత్తిన పెట్టుకుని, ఇంజను ముందే పట్టాలు దాటుతోంది. నీళ్ళు తొణక్కూడదని ఒక్కో అడుగే ఆచి తూచి వేస్తోంది.

గార్డు మళ్ళీ ఈల వేశాడు.

హారన్ మీదికి వెళ్ళిన చేతిని కూర్మారావు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంజను నెమ్మదిగా గురగురలాడుతోంది. ఇద్దరూ అద్దంలోంచి ఆమెనే చూస్తూ కూర్చున్నారు.

ఆమె అవతలి గట్టెక్కింది. గుడిసె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"ఇప్పుడు పోనీ నాయనా" అన్నాడు ఉస్తాద్.