మేడమీది తరగతి

శేషావధానులు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. కళ్లజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటూ "చూద్దాం" అనేవారు. అడిగినవాడు ఆ మాటకి విసుక్కోకుండా ఓపిక పట్టాలి.

నర్సాపురంలో ఆయన ఇంట్లోనే సాయంకాలాలు తర్కం పాఠాలు జరిగేవి. కింద వరండాలో చిన్న తరగతి. అక్కడ పుస్తకం తప్పుల్లేకుండా గడగడా చదివినవాళ్లు మేడ మీద పెద్ద తరగతికి వెళ్తారు. పైన చదవడం తక్కువ, వాదించడం ఎక్కువ. చాలాకాలంగా ఆయన దగ్గర చదువుకుంటున్న నరహరికి కింది తరగతి అప్పగించారు.

ఆ తరగతిలో ఉత్పల అనే అమ్మాయి ఉండేది. పుస్తకం తెరిస్తే చాలు, ఆ పిల్లకి అక్షరాలు తారుమారైపోయేవి. ఒక వరసలో మొదలుపెట్టి ఇంకో వరసలోకి జారిపోయేది. తనకంటే వెనక చేరినవాళ్లంతా మేడెక్కారు, ఆమె వరండాలోనే ఉండిపోయింది. శ్రద్ధ లేదనుకున్నాడు నరహరి. అలాంటిది ఒకరోజు పాఠం అయ్యాక ఆమె వచ్చి అడిగింది:

"వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు విని, పిల్లి వచ్చిందన్నామనుకోండి. గిన్నెని పడేసింది గాలి. కానీ పిల్లి నిజంగానే వచ్చి అటక మీద కూర్చుని ఉంది. అప్పుడు పిల్లి సంగతి మనకి తెలిసినట్టా, తెలియనట్టా?"

తెలిసినట్టే అనబోయి ఆగాడు నరహరి. తెలియనట్టు అందామన్నా నోరు రాలేదు. "ముందు చదవడం నేర్చుకో అమ్మాయీ" అనేశాడు. ఆ తర్వాత ఉత్పల ఏమీ అడగలేదు. వారం తిరక్కుండా వాళ్లమ్మ వచ్చింది.

"మానిపించేస్తాను మాస్టారూ. బళ్లోనూ దీన్ని ఇలాగే వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఇక్కడైనా నోరు విప్పుతుందనుకున్నాను."

నరహరి గురువు గారి దగ్గరికి వెళ్లాడు. "చదవడం రానివాళ్లని పై తరగతికి పంపితే, కష్టపడి చదివి వెళ్లినవాళ్లకి అన్యాయం కాదా అండీ? పోనీ పంపకుండా ఉందామంటే ఆ పిల్ల అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ఏం చెయ్యాలో తోచడం లేదు."

శేషావధానులు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చూద్దాం. రేపు నువ్వూ ఆ అమ్మాయీ మేడ మీదికి రండి."

మర్నాడు పైన పుస్తకాలన్నీ మూయించి, ఆయన నోటితోనే ఒక వాదం ఎత్తుకున్నారు. 'గురువు పాఠం చెప్పాడు, శిష్యుడు విన్నాడు' అంటూ మొదలైన ఆ వాదం మెలికలు తిరిగి తిరిగి, 'కాబట్టి పాఠం విన్న ప్రతి శిష్యుడూ గురువు మాట విన్నవాడే' అని ముగిసింది. "ఎక్కడ తప్పుందో చెప్పండి" అన్నారు.

సగం దాటేసరికే నరహరి దారి తప్పిపోయాడు. చిన్నవాళ్ల ముందు పరువు పోతోందనిపించింది. "ఒక్కసారి మళ్లీ చెప్తారా అండీ? కాగితం మీద రాసుకుంటాను" అన్నాడు.

"రాసుకో" అని ఆయన మొదటి నుంచీ నెమ్మదిగా చెప్పారు.

నరహరి అంతా రాసుకున్నాడు. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశాడు. ప్రతి మాటా సరిగ్గానే కనిపించింది. గోడ వారగా కళ్లు మూసుకుని కూర్చున్న ఉత్పల మెల్లగా అంది:

"మొదట 'విన్నాడు' అంటే చెవిన పడింది అన్నారండీ. చివరికొచ్చేసరికి 'విన్నాడు' అంటే చెప్పినట్టు చేశాడు అయిపోయింది. మధ్యలో ఎక్కడో మాట మారిపోయింది."

నరహరి కాగితం చూసుకున్నాడు. రెండు చోట్లా ఒకే మాట, తన చేత్తో రాసిందే.

ఆ రోజు నుంచి ఉత్పల మేడ మీదే కూర్చుంది. ఆమెకి గ్రంథం చదివి వినిపించే పని గురువు గారు నరహరికే పెట్టారు. అతను పేజీ పూర్తి చేసేలోపే ఆమె ఏదో ఒకటి అడిగి ఆపేసేది. "మరి అక్షరాలు నేర్పొద్దా అండీ?" అని అడిగితే, "నేర్పు. పైన కూర్చోబెట్టి నేర్పు" అన్నారాయన.

అయినా నరహరి మనసులో పీకులాట పోలేదు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ అడిగాడు.

"ఆమెకి పై తరగతి తగినదే, కాదనను. కానీ ఒకరికి పుస్తకం చదివిపెట్టి, మిగతావాళ్లని మీరే చదువుకోండి అనడం సమానమేనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు."

శేషావధానులు గారు ఈసారి కళ్లజోడు తీయలేదు.

"ఆ రోజు నా వాదాన్ని కాగితం లేకుండా అప్పజెప్పగలిగేవాడివా?"

"లేదండీ."

"కాగితం అడిగావని నిన్ను కింది తరగతిలో కూర్చోమని ఎవరూ అనలేదేం?" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.