నీళ్ల సీను

హిమజకు వచ్చిన కష్టం విచిత్రమైనది. ఆమె నాటకం ఒక్క గురువుగారికి తప్ప అందరికీ నచ్చింది. అందులోనూ జనానికి మరీ నచ్చిన ఘట్టం ఆమె రాసింది కాదు, ఆ గురువుగారు చేసింది.

అప్పలస్వామి మాస్టారు విశాఖలో ఏళ్ల తరబడి నాటకం నేర్పుతున్నారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. చెప్పులు కింద విడిచి, స్టేజీ చెక్కను ముట్టి కళ్లకద్దుకుని ఎక్కాలి. బల్బు మార్చడానికి ఎక్కినా అంతే. హిమజ ఆయన దగ్గరే నటన నేర్చింది. తర్వాత కెమెరాలూ తెరలూ వచ్చి చేరాయి. నాటకానికి వీడియో కలిపి ప్రయోగాలు మొదలుపెట్టింది. పేరొచ్చింది.

కొత్త నాటకంలో వాళ్లమ్మ దమయంతమ్మనే తెచ్చి స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడకు జ్ఞాపకం పోయింది. కూతుర్ని కూడా గుర్తుపట్టదు. కెమెరా ఆ ముఖాన్ని పట్టి వెనక గోడంత తెర మీద చూపిస్తుంది. దాని ముందు నిలబడి హిమజ నటిస్తుంది. "ఎవులమ్మా నువ్వు?" అని దమయంతమ్మ అడిగినప్పుడల్లా జనం కళ్లు తుడుచుకునేవారు. టిక్కెట్టు కొనుక్కుని ఏడ్చి, తేలికపడి ఇళ్లకు పోయేవారు.

మాస్టారు చూడ్డానికి వచ్చిన రోజు, నాటకం మధ్యలో దమయంతమ్మ అంది.

"దాహమేస్తంది."

తెర మీద ఎండిన పెదవులు. హిమజ తిరిగి తెర వైపు చూసింది. అంత మంచి క్లోజప్పు అంతవరకూ పడలేదు. కెమెరా కదపొద్దని చేత్తో సైగ చేసింది.

"నీళ్లియ్యండర్రా" అంది ముసలావిడ మళ్లీ.

ముందు వరసలోంచి మాస్టారు లేచారు. సంచిలోంచి సీసా తీసుకుని పైకెక్కి, ఆవిడ తల పట్టుకుని నీళ్లు తాగించారు. కండువాతో గడ్డం తుడిచారు. అట్నుంచి అటే ఇంటికి వెళ్లిపోయారు.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సిగ్గులేని చప్పట్లు.

వారం తిరక్కుండానే హిమజ మాస్టారి మేడగదికి వచ్చింది.

"మాస్టారూ, బెంగళూరు నాటకోత్సవానికి పిలిచారు. నీళ్ల సీను తప్పకుండా ఉండాలంట. మీరు రావాలి."

మాస్టారు ఆమెకు కుర్చీ చూపించారు. హిమజ కూర్చోలేదు.

"ఇంకొక్క మాట మాస్టారూ. రికార్డింగులో చూశాను, ఆ రోజు మీరు చెప్పులతోనే ఎక్కేశారు. మాకు చెప్పిన మీరే అలా చేస్తే ఎలా? ఈసారి విప్పి రండి."

"నేను స్టేజీ ఎక్కలేదమ్మా. మీ అమ్మ దగ్గరికెళ్లాను."

హిమజ నవ్వింది. ఆ మాట కూడా నాటకంలో పెట్టొచ్చనుకుంది.

"అమ్మెక్కడ?" అని అడిగారు మాస్టారు.

"కింద కార్లో ఉంది. మెట్లెక్కలేదు కదా. అద్దాలు దించే వచ్చాన్లెండి."

బయట ఎండ మండిపోతోంది. మాస్టారు లేచి, కుండలోంచి నీళ్లు ముంచి స్టీలు గ్లాసు నింపారు.

"సరే, వస్తాననుకో. అక్కడ సరిగ్గా ఆ సీను వేళకి మీ అమ్మకి దాహం ఎలాగేస్తాదమ్మా?"

హిమజ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రికార్డింగు చూసిన రోజే ఆలోచించి పెట్టుకుంది. మధ్యాహ్నం నుంచి నీళ్లివ్వకపోతే సరి.

చెప్పబోయింది. నోరు పిడచకట్టుకుపోయింది.

మాస్టారు ఆమె ముఖం వంక చూశారు. తర్వాత గ్లాసు ఆమె చేతిలో పెట్టారు.

"మీ అమ్మ దగ్గరికి చెప్పులేసుకునే దిగమ్మా" అన్నారు. "మెట్లు కాల్తున్నాయి."