గుండ్లవంక ఆకలమ్మ వెలసిన వైనం

నల్లమల అడవి అంచున, గుండ్లవంక గ్రామం దాటి కాలిబాటన కొండ ఎక్కితే, రెండు వాగులు కలిసే చోట ఒక నల్లని బండ కనిపిస్తుంది. అదే ఆకలమ్మ సన్నిధి. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, అమ్మవారి తలపై కప్పు కూడా లేదు. బండ మధ్యలో లోనికి పోయిన కడుపులాంటి గుంట ఒకటి, దాని పైన పసుపు పూసిన రెండు కళ్ళు మాత్రమే ఉంటాయి. వానాకాలం ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి, ఎండలు ముదిరితే రాలిన ఆకులు చేరతాయి. కొత్తగా వచ్చిన భక్తులు తెలియక అందులో అరటిపండో కొబ్బరిచిప్పో పెట్టబోతే పూజారి చేతులు జోడించి వారిస్తాడు. మనిషి చేత్తో పెట్టిన తిండి ఈ తల్లి ముట్టదు. ఎందుకు ముట్టదో ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ ఇది.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే ఆవులకాపరి ఉండేది. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పాముకాటుతో పోగా, అతని కర్ర తాను పట్టుకుని ఊరి మందను అడవికి తోలుకుపోయేది. సాయంత్రం మంద మళ్ళాక ఇంటింటివారూ ఆమెకు ఇంత సంగటి పెట్టేవారు. ఆమెకు తనదంటూ ఉన్నది ఒక్క ఎర్రావు. దాన్ని గోరింట అని పిలిచేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది ఆ ఆవుతోనే.

అడవిలో మాత్రం ఆమెకు ఒక స్నేహం ఉండేది. వాగు అవతలి చెంచుగూడెంలో ఈదమ్మ అనే ఇల్లాలు మామతో, పెనిమిటితో కాపురముండేది. ఓబులక్క మజ్జిగ పోస్తే ఈదమ్మ తేనె పిండి ఇచ్చేది. పెద్దపులి ఏ లోయలో పిల్లల్ని పెట్టిందో ముందే చెప్పి మందను అటు రానిచ్చేది కాదు. పులి తిని వదిలిన జింక మాంసంలో గూడెంవారు తమకు కావలసినంత తెచ్చుకుని మిగిలింది అక్కడే ఉంచేవారు. "ఆయమ్మ వేట ఆయమ్మది. మనకు కొంచెం పెడుతుంది, అంతే" అని ఈదమ్మ అనేది.

అలా ఉండగా వరసగా వానలు తప్పాయి. కొర్ర చేలు మొలకలోనే మాడిపోయాయి. ఊరివారు వలలు అల్లి అడవిలోకి దిగారు. మొదట ఆకలికి కొట్టారు, తరువాత పక్క ఊళ్ళ సంతలకు మోశారు. నీటి మడుగుల దగ్గర కాపు కాసి దుప్పుల్ని, కణుజుల్ని, కడకు కుందేళ్ళను కూడా మిగల్చలేదు. వేట లేక గూడెంలోని మిగతా ఇళ్ళవారు దూరపు కొండలకు పోగా, ఈదమ్మ ఇల్లు ఒక్కటే మిగిలింది. వేట కరువైన పులి పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి మంద మీదికి వచ్చింది. ఇవాళ ఒకరి దూడ, రేపు ఒకరి కోడె. ఒకనాటి మధ్యాహ్నం ఓబులక్క కళ్ళెదుటే గోరింటను మెడ పట్టి ఈడ్చుకుపోయింది. ఆమె కర్ర విసిరింది, గొంతు పోయేదాకా అరిచింది. పొదల్లో ఆవు మెడగంట కాసేపు మోగి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఊరి పెద్ద చిన్నపరెడ్డి ఇంటి ముందు జనం కూడారు. ఓబులక్క ఒక పక్కన నేలమీద కూర్చుంది.

"పులి సగం తిన్న గొడ్డు దగ్గరికి మళ్ళీ వస్తుంది గదా అయ్యా," అంది ఆమె. "విషముష్టి గింజలు నూరి ఇస్తే నేనే పోయి పెట్టి వస్తాను. నా ఆవు అది. వేరేవాళ్ళ చేయి పడొద్దు."

"చెంచోళ్ళకు తెలిస్తే ఈ పని సాగనీరు ఓబులక్కా," అన్నాడు చిన్నపరెడ్డి. "ఈదమ్మకు చెప్పబాక."

"చెప్పను," అంది ఓబులక్క.

మరునాడు ఆమె కొండెక్కి గోరింట కళేబరం పక్కన మోకరిల్లింది. ఎర్రని చర్మం మీద చేయి వేసి ఒకసారి నిమిరింది. తరువాత తెరిచి ఉన్న డొక్కలో, తొడల్లో కత్తితో గాట్లు పెట్టి ముద్దలు ముద్దలుగా విషం కూరింది. తిరిగి వస్తుంటే వాగు అవతల గూడెం పొగ కనబడింది. పోయి చెబుదామా అని ఒక్క క్షణం నిలబడింది. ఈదమ్మ పులినే వెనకేసుకు వస్తుందన్న కోపం అడ్డొచ్చింది. ఆమె ఊరి దారి పట్టింది.

రెండోనాటి పొద్దున వాగు ఇసుకలో పులి పడి ఉంది. విల్లులా వంగి బిగిసిపోయిన ఆ దేహం పక్కనే రెండు పిల్లలూ చచ్చి ఉన్నాయి. నక్కలు, రాబందులు ఎక్కడివి అక్కడే రాలి ఉన్నాయి. ఊరివారు కేకలు వేస్తూ పులి గోళ్ళు పీక్కోవడానికి పరుగెత్తారు. ఓబులక్క మాత్రం వాగు అవతలికి చూస్తూ ఉండిపోయింది. గూడెం నుంచి పొగ రావడం లేదు.

ఆమె వెళ్ళేసరికి గుడిసె ముందు ఈదమ్మ, ఆమె పెనిమిటి పళ్ళు గిట్టకరుచుకుని చనిపోయి ఉన్నారు. ముసలి మామ ఒక్కడే కోడలి తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతున్నాడు. ఓబులక్కను చూసి ఆయన జరిగి చోటిచ్చాడు.

"ఆ గొడ్డు కాడినుంచి కొంచెం తెచ్చుకున్యారమ్మా," అన్నాడు. "నాలుగు దినాలయ్యె పొయ్యి మీద ఏమీ పెట్టక. అడగకుండా ఎట్లా తెస్తాములే అన్యాడు నా కొడుకు. ఓబులక్క ఆవే గదా, అడిగితే కాదనదు అని ఈదమ్మ చెప్పింది. నాకు పళ్ళు లేవు గదా. నమలలేనని నాకు పెట్టలే."

విషం పెట్టింది తానేనని ఆయనతో ఓబులక్క చెప్పలేకపోయింది. ఆయనకు సాయంగా రెండు గుంతలు తవ్వింది. కొన్నాళ్ళకు ఆ ముసలాయన కూడా తిండి మాని కన్ను మూశాడు. గూడెం ఉన్న చోట గడ్డి మొలిచింది.

మరుసటి ఏడు వాన కురిసింది. అయినా ఊరికి గింజ దక్కలేదు. పులి లేని అడవిలో పందులు మందలు మందలుగా పెరిగి చేలమీద పడ్డాయి. రాత్రింబవళ్ళు కాపలా కాసినా వేరుతో సహా పెకలించాయి. ఒక్కొక్క కుటుంబమే మూటాముల్లె కట్టుకుని వలసపోయింది. ఉన్నవారు చింతాకు ఉడికించుకు తిన్నారు. ఉన్న గొడ్లను కూడా తిండికోసం అమ్ముకోగా మంద లేదు గనుక ఓబులక్కకు పని లేదు. ఆమె పోయి వాగుల నడుమ ఈ బండ మీద కూర్చునేది, ఎవరైనా ఇంత గంజి తెచ్చినా తాగేది కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆమె ఆ బండ మీదే కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ కనబడింది. కడుపు వెన్నుకు అంటుకుపోయి, కళ్ళు మాత్రం మండుతున్నాయి. ఆ ముఖం ఒకసారి పులిలా, ఒకసారి ఈదమ్మలా ఉంది.

"నేను ఆకలిని," అందామె. "నువ్వు తినేటప్పుడూ నేనే, పులి తినేటప్పుడూ నేనే. నా విస్తట్లో విషం కలిపినారు. ఇంక మనిషి చేతి కూడు నాకొద్దు. అడవిలో నా కూడు నాకు ఉండనీండి. మీ మందలో నేను ఒకటి తీసుకుంటే అడ్డం రాకండి. పోగొట్టుకున్నోళ్ళను మీలో మీరే చూసుకోండి."

"ఈదమ్మ నన్ను ఏమనుకుంటోంది తల్లీ?" అని ఓబులక్క అడిగింది. ఆ దేవత వెనుదిరిగి అడవిలోకి పోయింది.

మెలకువ వచ్చి చూస్తే తాను పడుకున్న చోట, అంతకుముందు ఎన్నడూ లేని గుంట బండలో ఏర్పడి ఉంది. ఓబులక్క ఊళ్ళోకి పోయి మిగిలిన నాలుగిళ్ళవారినీ పిలిచి కల చెప్పింది. తాను దాచినదంతా కూడా చెప్పింది. "చెప్పొద్దన్నది నేను," అన్నాడు చిన్నపరెడ్డి, తల ఎత్తకుండా. ఆ రోజే ఊరి వలలన్నీ ఇక్కడికి మోసుకొచ్చి తగలబెట్టారు. అడవి మృగం పట్టిన పశువును ముట్టబోమని, విషం చేతపట్టబోమని, వేటకు వెళ్ళబోమని బండను తాకి ఒట్టు పెట్టుకున్నారు. పశువు పోయినవారికి ఇచ్చేందుకు ఊరంతా కలిసి ఒక దూడను ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలని కట్టు చేసుకున్నారు. మొదటి దూడను చిన్నపరెడ్డే తోలుకొచ్చాడు.

అడవిలో దుప్పులు మెల్లగా మళ్ళాయి. పులి రాలేదు. ఓబులక్క ప్రతి ఉదయం వాగు ఇసుకలోకి దిగి అడుగుజాడ కోసం వెతికేది. నడుము వంగినా, చూపు మందగించినా వేళ్ళతో ఇసుక తడిమి చూసేది. ఆమె కన్నుమూసే నాటికి కూడా అక్కడ ఆమె అడుగులు తప్ప మరొకటి పడలేదు. ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకు ఒక పులి వచ్చి ఊరి ఆవును పట్టిందట. ఆవు పోయిన ఇంటికి ఆడవాళ్ళంతా పసుపు కుంకుమలతో వెళ్ళి, అమ్మ వచ్చిందని ఏడుస్తూ దండం పెట్టారట.

నేటికీ గుండ్లవంకవారు ఆ కట్టు తప్పలేదు. వేసవిలో ఇంటికొకరు వంతున అడవికి పోయి కార్చిచ్చు ఆర్పుతారు, బయటివాళ్ళు పన్నిన ఉచ్చులు ఏరుతారు. కిందటేడు ఒక ఉచ్చులో చిరుతపిల్ల దొరికింది. వీళ్ళు పోయేసరికే అది చనిపోయింది. దాన్ని ఈ బండ వెనుక పూడ్చారు. అడవి చుట్టూ రోడ్లు పడ్డాయి, లోయలు చీలిపోయాయి. పులి కనబడిందన్న మాట ఇప్పుడు బతికి ఉన్నవారిలో ఎవరూ వినలేదు.

ఈ తల్లి సంతానం ఇస్తుందని, రోగాలు నయం చేస్తుందని ఇక్కడివారు చెప్పరు. ఇక్కడ ఒట్టు పెట్టుకుని నిలుపుకున్నవారికి పెట్టే చేయి కరువు కాదని మాత్రం అంటారు. ఏటా వైశాఖ మాసంలో జాతరనాడు ఊరి దూడకు స్నానం చేయించి, పూసలు కట్టి బండ ముందు నిలుపుతారు. పూజారి జనం వైపు తిరిగి, "ఈ ఏడు అమ్మ ఎవరింటికి వచ్చింది?" అని అడుగుతాడు. మందలున్న ఇళ్ళవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పసిపిల్లల్ని కూడా ఊరుకోబెట్టి అందరూ ఆలకిస్తారు. మా ఇంటికి వచ్చిందని ఎవరూ పలకరు. పూజారి మరోసారి అడుగుతాడు. పొద్దు వాలేదాకా చూసి, దూడను మళ్ళీ కిందికి తోలుకుపోతారు.