పేరడిగిన దాలమ్మ

ఊఁ కొట్టేవాళ్లంతా దగ్గరికి జరగండి. కొట్టనివాళ్లకి సగం కథే చెబుతాను, తర్వాత నన్ననకండి.

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఇదిగో ఈ కొండ మీద కోట కడుతున్నారు. కొండ కింద తక్కెడ. తక్కెడ పక్కన మేస్త్రి బలరామయ్య. ఎవరి కావడిలోనైనా ఒక్కటే తూకం రాయి. పడుచువాడికీ అంతే, ముసలివాడికీ అంతే, జ్వరం పడి లేచినవాడికీ అంతే.

"అందరికీ సమానం. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?" అనేవాడాయన. దారిలో కావడి దింపితే సోమరి కింద లెక్క. ఇంటిల్లిపాదినీ ఊళ్లోంచి వెళ్లగొట్టేవాడు.

సగం కొండ దగ్గర ఒక పలకరాయి ఉంది. అక్కడ అంబలి కుండ పెట్టుకుని దాలమ్మ కూర్చునేది.

"బరువుగున్నాదేటి, బాబూ?" అని అడిగేది.

"అబ్బే, నేదత్తా."

అందరిదీ అదే మాట. మన మగాళ్ల సంగతి తెలిసిందేగా, ప్రాణం మీదికొచ్చినా బరువని ఒప్పుకోరు. అలా లేదు లేదంటూనే ఒక ఎండాకాలం ఇద్దరు కూలిపోయి ప్రాణాలొదిలారు. అందులో ఒకడు దాలమ్మ మొగుడు. "బాగానే ఉన్నాను" అన్నాడు పాపం, కానీ ఆ రెండు మాటలకీ మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. దాలమ్మ అది మర్చిపోలేదు.

అప్పట్నించి బరువు సంగతి అడగడం మానేసింది. "ఇంటిపేరుతో నీ పేరు సెప్పు" అనేది. ఒక్క గుక్కలో చెబితే, "పోయిరా." మధ్యలో ఆగితే, "అంబలి తాగి పో." అసలు రాకపోతే, "దింపు."

ఒకరోజు జ్వరం పడి లేచిన సూరన్న వచ్చాడు.

"నీ పేరేటి?"

నోరు తెరిచాడు. పేరు రాలేదు.

"దింపు."

"దింపితే... పిల్లలు... అత్తా..."

"నానున్నాను. దింపు."

దింపాడు. కబురు కిందికి పోయింది. బలరామయ్య కోపంగా ఎక్కొచ్చాడు, ఒట్టి చేతులతో. బాగా తిండిపుష్టి ఉన్న మనిషిలెండి.

"తమరి పేరేటి, బాబూ?" అంది దాలమ్మ.

రోజూ బిరుదులన్నీ కలిపి చెప్పుకునే పేరే. "బ..." అన్నాడు. మళ్లీ "బ..." అన్నాడు. మూడోసారి అదీ రాలేదు. పలకరాయి మీద కూలబడ్డాడు.

"సేతిలో ఏటీ నేదు కద బాబూ, మరేటంత బరువు?" అంటూ అంబలి అందించింది.

ఆయన ముంతెడూ తాగాడు. పక్కనే ఇంకా వగరుస్తున్న సూరన్నని చాలాసేపు చూశాడు.

"రేపట్నించి తక్కెడ వద్దు. దాలమ్మకి పేరు చెప్పగలిగినంతే మొయ్యండి" అన్నాడు.

హమ్మయ్య! కొండ కొండంతా ఊపిరి పీల్చుకుంది. సూరన్న ఇంటికెళ్లి పిల్లల మధ్య హాయిగా పడుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. దాలమ్మ ముసలిదైంది. అయినా కుండ ఎత్తుకుని ఎక్కేది. ఒకరోజు సూరన్న ఎదురై, "అత్తా, నీ పేరేటి?" అన్నాడు. ఆమె నవ్వింది గానీ చెప్పలేకపోయింది. సూరన్న కుండ అందుకున్నాడు.

"కూకో. నీ పేరు నాను సెప్తాను. దాలమ్మ."

ఆమె కూర్చుంది. అన్నేళ్లలో ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు మరి. ఆ తర్వాత కుండ సూరన్నే మోశాడు. ఆ ఏడు వానలు మొదలయ్యాక దాలమ్మ పోయింది.

కోట ఎప్పుడో కూలిపోయింది. పలకరాయి ఉంది. కొండెక్కేవాళ్లు ఇప్పటికీ అక్కడ పేరు చెబుతారు. చెప్పలేకపోతే వెనకున్నవాళ్లు "దాలమ్మ" అని వాళ్ల బదులు చెప్పి మూట అందుకుంటారు. ఎవరూ నవ్వరు.

నిన్న కట్టెలమోపుతో నేనూ ఎక్కాను. నన్నూ దాలమ్మనే అన్నారు.