గోంగూర డబ్బా, కోట బొమ్మ సీసా

ఫ్రాన్సు దేశంలోని టులూజ్ నగరంలో ఫణిభూషణ్ అనే ఇంజనీరు ఉండేవాడు. విమానం రెక్కలో పగులు ఎక్కడ వస్తుందో ముందే చెప్పగలిగేవాడు కానీ, ధర చీటీ చూడకుండా ఏ వస్తువు మంచిదో, ఏది కాదో చెప్పలేకపోయేవాడు.

ఆ దేశంలో భోజనాల బల్ల మీద మంచినీళ్ళ పక్కనే వైన్ కూడా ఉంటుంది. మనకు మజ్జిగ ఎలాగో వాళ్ళకు అది అలాగ. వెళ్ళిన కొత్తలోనే ఫణికీ ఆ అలవాటు కాస్త అబ్బింది. అలవాటుతోపాటు అతని జబ్బూ ముదిరింది. దుకాణంలో అడుగు పెట్టగానే చూపు నేరుగా పై అరలోకి పోయేది. కింది అరకు వంగితే నడుం పట్టేస్తుందేమో అన్నట్టు నిటారుగా నడిచేవాడు. సీసా బరువుగా ఉండాలి. లేబుల్ మీద కోట బొమ్మ ఉండాలి. ఆ కోటకు బురుజులుంటే మరీ మంచిది. ఇన్ని ఉన్నాక లోపల చింతపండు రసం పోసి ఇచ్చినా కళ్ళు మూసుకుని "ఆహా!" అనేవాడు.

అతని అక్క ఇందుమతి అదే ఊళ్ళో విశ్వవిద్యాలయంలో నేలల మీద పరిశోధన చేసేది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఇందుమతి పద్ధతి వేరు. వాళ్ళ వీధి మలుపులో జిల్ అనే ఆయనకు చిన్న వైన్ దుకాణం ఉండేది. సెలవు రోజున వండిన కూర కొంచెం స్టీలు డబ్బాలో పెట్టుకుని ఆమె తిన్నగా అక్కడికి పోయేది. మూత తీసి, "జిల్ గారూ, ఇవాళ మా వంట ఇది. దీనికి జత ఏమిటో చెప్పండి. ఖరీదైనది మాత్రం చూపించకండి, కొనలేను," అనేది.

జిల్ రుచి చూసేవాడు. కాసేపు ఆలోచించేవాడు. ఒక్కోసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకునేవాడు. అది జాలితో కాదు, మిరపకాయ పుణ్యం. తర్వాత ఏ మూల నుంచో ఒక సీసా తీసి ఇచ్చేవాడు. దాని ధర వింటే ఫణికి నవ్వొచ్చేది. తాగాక నవ్వు ఆగిపోయేది. అయినా ఒప్పుకునేవాడా? "ఏదో, గుడ్డిలో మెల్ల," అనేవాడు.

"అక్కా, పరువు తియ్యకే తల్లీ! కూర డబ్బా పట్టుకుని వైన్ కొట్టుకు పోయేది ఈ ఖండం మొత్తానికి నువ్వొక్కదానివే," అన్నాడు ఒకసారి.

"ఒరేయ్, అమ్మ తెనాలిలో మ్యాచింగ్ సెంటర్ నడిపినన్నాళ్ళూ నువ్వు ఆ గల్లాపెట్టె కిందే కదరా పెరిగావు! చీర ఇంట్లో వదిలేసి జాకెట్టు ముక్క కొనడానికి ఒక్కరైనా వచ్చేవాళ్ళా? చీర తెచ్చి, గుడ్డ పక్కన పరిచి, ట్యూబులైటును నమ్మకుండా గుమ్మంలో వెలుతురులోకి తీసుకెళ్ళి మరీ చూసేవాళ్ళు. నాకు కూర చీర. వైన్ జాకెట్టు ముక్క. అంతే."

"అది గుడ్డ, ఇది వైన్."

"ఏదైతేనేం? జత కుదరకపోతే నలుగురూ నీ వంకే చూస్తారు."

ఫణి తల కొట్టుకున్నాడు. ఆమె ఆ దుకాణంలో ఉన్నంతసేపూ వీధి అవతల నిలబడి, ఫోన్‌లో ఏదో రాచకార్యం ఉన్నట్టు వేలితో గీకుతూ ఉండేవాడు. ఆమెవరో, తనెవరో!

వాళ్ళ ఇంటి యజమానురాలు మదాం లాబోరీ పై అంతస్తులో ఉండేది. వయసు డెబ్బై దాటింది కానీ, ముక్కుకు మాత్రం ఇంకా ఇరవయ్యే. కింద పోపులో ఎండుమిర్చి పడిందో లేదో పైన దగ్గు మొదలయ్యేది. ఒకరోజు ఆవిడ అక్కాతమ్ముళ్ళను మెట్ల దగ్గర ఆపింది.

"మీరు మంచి పిల్లలే. అద్దె వేళకు ఇస్తారు, గొడవ చెయ్యరు. కానీ ఆ ఘాటు నావల్ల కావడం లేదు. త్వరలో మీ గడువు ముగుస్తుంది కదా, ఇల్లు మా మేనల్లుడికి ఇద్దామనుకుంటున్నాను," అంది.

పరాయి దేశంలో అద్దె ఇల్లు దొరకడం అంత తేలికా? హామీ ఎవరుంటారంటారు. ఆ కాగితం తెమ్మంటారు, ఈ కాగితం తెమ్మంటారు. అన్నీ తెచ్చాక పేరు నోరు తిరగక వద్దంటారు. పైగా ఆ ఇంటికి ఎండ దండిగా పడే బాల్కనీ ఉండేది. ఇందుమతి అక్కడ కుండీల్లో గోంగూర పెంచేది. అంతకు ముందున్న ఇంట్లో ఆమె ఎన్ని విత్తనాలు చల్లినా రెండాకులు వేసి చతికిలబడ్డాయి. ఈ బాల్కనీలోనే అవి నడుమెత్తు పెరిగాయి. ఇల్లు పోతే గోంగూర కూడా పోయినట్టే.

ఫణి బతిమాలబోయాడు. ఇందుమతి అతన్ని మోచేత్తో పక్కకు జరిపింది.

"మదాం, ఇన్నాళ్ళూ మా వంట మీ ముక్కుదాకానే వచ్చింది, నాలుకదాకా రాలేదు. ఇది అన్యాయం కదా! ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చెయ్యండి. తిన్నాక కూడా పొమ్మంటే, మారుమాట లేకుండా పోతాం," అంది.

ఆవిడకు నవ్వొచ్చింది. "వస్తాను. కానీ నాకు మంచి వైన్ లేకుండా ముద్ద దిగదు," అంది.

ఆ మాట వినగానే ఫణి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"అక్కా, కూర నీది, సీసా నాది. ఇది ఇంటి వ్యవహారం. నీ డబ్బా వేషాలు కుదరవు," అన్నాడు.

"సరే దొరగారూ, తమ ఇష్టం. వండేది గోంగూర మాంసం. ఆ ముక్క కొట్టువాడి చెవిన వెయ్యి చాలు."

"నాకు తెలుసులేవే."

ఫణికి తెలిసింది ఒక్కటే దారి. నగరం నడిబొడ్డున ఉన్న అద్దాల దుకాణానికి వెళ్ళాడు. తాళం వేసిన అరలోంచి ఒక సీసా తీయించాడు. దాని మీది కోటకు ఒకటి కాదు, మూడు బురుజులున్నాయి. "దీన్ని ఏ వంటకంతో తాగుతారండీ?" అని దుకాణదారు మర్యాదగా అడిగాడు. గోంగూర అని చెప్పడానికి ఫణికి నామోషీ అనిపించింది. "చాలా పెద్దవాళ్ళతో," అన్నాడు. దుకాణదారు సీసాను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆదివారం వచ్చింది. మదాం లాబోరీ ముత్యాల దండ వేసుకుని మరీ కిందికి దిగింది. ఇందుమతి వేడి అన్నంలో గోంగూర మాంసం వడ్డించింది. ఆవిడ ఒక ముద్ద తిని కళ్ళు పెద్దవి చేసింది. "ఊఁ! పులుపు! బాగుందే!" అంది. నాలుక చురుక్కుమనగానే గ్లాసు అందుకుని కోట వైన్ ఒక గుక్క తాగింది.

అంతే. కారం పడిన నాలుక మీద ఆ వగరు ఎర్ర వైన్ మంట మీద కిరసనాయిలులా పనిచేసింది. ఆవిడ ముఖం కుంకుమరంగుకు తిరిగింది. రుమాలు పెదవులకు అద్దుకుని, "చాలా... ఆసక్తికరంగా ఉంది," అంది. ఆ దేశంలో తినలేకపోయినదాన్ని మర్యాదగా అలా అంటారని అక్కాతమ్ముళ్ళకు తెలుసు.

ఫణి కంగారుగా ఇంకాస్త వైన్ పోశాడు. ఆవిడ ఇంకో గుక్క తాగి, పళ్ళేన్ని అవతలికి తోసేసింది. గ్లాసును కాదు, పళ్ళేన్ని!

"వైన్‌ను ఏమీ అనలేం. ఆ కోట పేరు నేనూ విన్నాను. మీ కూరే దాన్ని చెడగొడుతోంది. ఏమీ అనుకోకండి, మా మేనల్లుడికి రేపు ఫోన్ చేసి..."

"ఒక్క పదినిమిషాలు ఆగండి మదాం," అంటూ ఇందుమతి లేచి తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది. చకచకా స్టీలు డబ్బాలో కూర పెట్టి అతని చేతిలో కుక్కింది. "జిల్ ఆదివారం మధ్యాహ్నానికే కొట్టు కట్టేస్తాడు. పరుగెత్తు!"

"నేనా? డబ్బాతోనా? నువ్వెళ్ళు అక్కా!"

"నేను వెళ్తే ఆవిడతో నువ్వు కబుర్లు చెప్తావా? నీ మొహం ఇప్పటికే ఆముదం తాగినట్టుంది. ఇవాళ నీ పరువు కావాలో, మన ఇల్లు కావాలో తేల్చుకో."

ఫణి డబ్బాను కోటు కింద దాచుకుని పరుగెత్తాడు. జిల్ అప్పటికే షట్టరు సగం దించాడు. లోపల ఇంకా నలుగురు ఉన్నారు. ఫణి వంగి లోపల దూరి, మూత తీశాడు. గోంగూర వాసన గుప్పుమంది. ముందున్న ఒకావిడ గిరుక్కున తిరిగి, "ఏమిటది?" అంది. ఫణి చెవులు ఎర్రబడ్డాయి. క్షమాపణ చెప్పబోయాడు. "ఎంత బాగుంది వాసన! ఎక్కడ అమ్ముతారు?" అంది ఆవిడ.

జిల్ డబ్బా చూడగానే గుర్తుపట్టాడు. "ఇందుమతి గారి తమ్ముడా? ఎప్పుడూ వీధి అవతల నిలబడేది మీరేనా? మీకు మా దుకాణం పడదేమో అనుకున్నాను!" అన్నాడు.

ఫణికి భూమి చీలితే బాగుండుననిపించింది. సిగ్గంతా మింగి జరిగింది చెప్పాడు. తను కొన్న కోట పేరు కూడా చెప్పాడు. జిల్ ఈల వేశాడు.

"అది గొప్ప వైనే. చలికాలంలో, ఉప్పూ మిరియాలపొడీ చల్లి మెత్తగా కాల్చిన మాంసంతో తాగితే కళ్ళు మూతలు పడతాయి. ఈ కూరతోనా? అయ్యో పాపం, రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి." జిల్ చెంచాతో గోంగూర రుచి చూసి ముక్కు తుడుచుకున్నాడు. "కారాన్ని జోకొట్టడానికి కాస్త తీపి కావాలి. ఈ ఆకు పులుపుకు తట్టుకుని నిలబడే పులుపు కూడా కావాలి. చల్లగా ఉండాలి. గయాక్ ఊరి తెల్ల వైన్ తీసుకోండి, ఇక్కడికి గంట దూరంలో పండిన ద్రాక్ష. అదిగో, చల్లబరిచే బీరువాలో అట్టడుగు అర. మీరే తీసుకోండి, నా మోకాలు వంగదు."

ఫణి వంగాడు. నడుం ఏమీ పట్టెయ్యలేదు. ధర విన్నాడు. ఈసారి నవ్వు కూడా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇందుమతి మదాం లాబోరీకి తన కుండీల్లోని మట్టి గురించి చెబుతూ ఎలాగో కూర్చోబెట్టింది. ఫణి రొప్పుతూనే చల్లటి వైన్ పోశాడు. ఆవిడ అనుమానంగా ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత, తోసేసిన పళ్ళేన్ని మెల్లగా దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద, ఒక గుక్క. మళ్ళీ ముద్ద, మళ్ళీ గుక్క. పళ్ళెం ఖాళీ అయింది.

"ఈ పుల్లటి ఆకు ఎక్కడిది?" అంది చివరికి.

"మా బాల్కనీలో పెరిగింది మదాం," అన్నాడు ఫణి.

"మీ బాల్కనీలో మదాం," అని సరిదిద్దింది ఇందుమతి.

ఆవిడ ఇంకొంచెం వడ్డించుకుంది. "చెడింది కూర వల్ల కాదన్నమాట. ఈ జత కుదిర్చిందెవరు?"

ఫణి అక్క వైపు చూశాడు. భాష కూడా సరిగా రాని రోజుల నుంచీ ఆమె ఆ డబ్బా పట్టుకుని, ఎవరు నవ్వుతారో అని చూడకుండా, ఆ గుమ్మం ఎక్కింది. కొట్టువాణ్ణి చుట్టం చేసుకుంది. తక్కువ డబ్బుతో ప్రతి వారం రాజభోజనం పెట్టింది. తను మాత్రం వీధి అవతల నిలబడి ఫోన్ గీకాడు. "మా అక్క," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఎప్పుడూ లేని గర్వం వినిపించి, ఇందుమతి వడ్డిస్తున్న గరిటె ఆపి మరీ చూసింది.

మదాం లాబోరీ లేచి ముత్యాల దండ సర్దుకుంది. "మా మేనల్లుడు కుర్రాడు, వాడికి ఇంకో ఇల్లు దొరుకుతుంది. మీరు ఉండండి. కానీ ఒక షరతు. ఇకమీదట పోపు వేసే ముందు వచ్చి నా తలుపు తట్టాలి."

"తప్పకుండా మదాం! కిటికీలు మూసుకోవడానికే కదా?" అన్నాడు ఫణి.

"కాదు నాయనా, పళ్ళెం తెచ్చుకోవడానికి," అంది ఆవిడ.

అడిగి కొనేవాడికి చవకలోనూ మేలైనది దొరుకుతుంది. అడగడానికి నామోషీ పడేవాడు ఎంత పోసినా ఉత్త ధరనే కొనుక్కుంటాడు.