మందారిక వాటా

అనగనగా వేత్రవనం అనే రాజ్యం. దాన్ని సుధన్వుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు విమలాంగుడు, మూడోది మందారిక. మందారికకు పదహారేళ్ళు వచ్చినా మనసు ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎవరు ఏది అడిగినా ఇచ్చేసేది. కాలి గజ్జెలు అడిగితే గజ్జెలు, చేతిలో ముద్ద అడిగితే ముద్ద. లేదనడం ఆమెకు రాదు.

తాను పోయాక ఈ పిల్ల ఎలా బతుకుతుందన్నదే రాజు దిగులు.

ఆ రోజుల్లో ఏడు సముద్రాల అవతల జటాకర్ణుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు దోచుకోడు. వచ్చి అడుగుతాడు. సొంతదారు తన నోటితో సరేనన్నాడా, ఆ వస్తువు ఆ క్షణమే మాయమై వాడి దీవి చేరుతుంది. అనలేదా, వాడు దాన్ని చిటికెనవేలితో కూడా తాకలేడు. వాడి మంత్రానికున్న కట్టు అది.

రాజు ముందుగా ఒక మామిడితోట, వంద పాడిఆవులు, ఏడు ఊళ్ళ పొలం మందారిక పేర రాయించాడు. వారం తిరక్కుండా జటాకర్ణుడు ముసలివాడి వేషంలో వచ్చాడు.

"తల్లీ, ఆకలేస్తోంది. నీ తోట ఇస్తావా?"

"తీసుకో తాతా."

"మరి ఆవులో?"

"అవి కూడా తీసుకో. దూడలు ఏడుస్తాయి, వాటినీ తోలుకెళ్ళు."

చివరికి పొలాలూ అడిగాడు, అవీ ఇచ్చింది. మధ్యాహ్నానికి తోట ఉన్న చోట గుంతలు మిగిలాయి.

రెండోసారి రాజు పెద్దకొడుకును పిలిచాడు. "నేనుండగా చెల్లికేం దిగులు నాన్నగారూ? దాని వాటా నా పేర రాయండి, నేను చూసుకుంటాను," అన్నాడు రణధీరుడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. వేత్రవనంలో తరతరాల పద్ధతి కూడా అదే. చెల్లెలి వాటా అన్న పేర ఉంటుంది, అన్న మాటే దానికి కాపలా. రాజు ఇంకో తోట, ఇంకో మంద, ఇంకో ఏడు ఊళ్ళ పొలం అతని పేర రాయించాడు.

జటాకర్ణుడు ఈసారి కవి వేషంలో వచ్చాడు. నిండు సభలో రణధీరుణ్ణి పొగిడి, "మీ పేరనున్నదంతా ఇవ్వమంటే ఇవ్వగలరా ప్రభూ?" అన్నాడు. సభ అంతా చూస్తోంది. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. "ఇచ్చాను," అన్నాడు రణధీరుడు. పోయినవాటిలో అతనివీ ఉన్నాయి, చెల్లెలివీ ఉన్నాయి. రెంటికీ మధ్య ఎవరూ గీత గీయలేదు మరి. అతను చెల్లెలి ముఖం చూడలేక గుర్రపుశాలలో కూర్చున్నాడు. రాజు మంచం పట్టాడు.

అప్పుడు విమలాంగుడు తండ్రి మంచం పక్కకు వచ్చాడు.

"ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో వెతికి, పోయినవన్నీ తెస్తాను నాన్నగారూ."

"తెచ్చి ఏం చేస్తావురా? దాని పేర రాస్తే అది ఇచ్చేస్తుంది. మీ పేర రాస్తే మీరు ఇచ్చేస్తారు."

 ఆ ప్రశ్న వెంటబెట్టుకునే విమలాంగుడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు తెగిన వలలో చిక్కుకుని ఉంది. అతను ఆ తాళ్ళు కోసి విడిపించాడు.

"ఎటు వెళ్ళాలి?" అంది తాబేలు.

"జటాకర్ణుడి ప్రాణం ఉన్నచోటికి."

"ఎక్కు. మడమలు నా డొక్కలకు తగలనీయకు, చక్కిలిగింత."

ఉప్పు సముద్రం దాటారు. మంచు సముద్రం దాటారు. అలలే లేని సముద్రం దాటారు. అలా ఆరు సముద్రాలు దాటాక తాబేలు చెప్పింది: "వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక వాడి దగ్గర లేదు. ఏడో సముద్రపు ఒడ్డున పేరమ్మ అని ఒక అవ్వ ఉంది, ఆవిడ దగ్గరుంది."

"సొంత ప్రాణం పరాయివాళ్ళ దగ్గర పెట్టాడా?"

"తన దగ్గరుంటే ఎవడో ఒకడు తననే అడుగుతాడుగా. అడిగేవాళ్ళంటే ఎంత భయపడాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఏడో ఒడ్డున తాటాకు పాక. పాకలో అవ్వ, అవ్వ ఒళ్ళో పంజరం, పంజరంలో ఈకలు రాలిన పచ్చ చిలుక. విమలాంగుడు వేలి ఉంగరం తీసి, చిలుకను ఇమ్మని అడిగాడు.

"నాది కాదు నాయనా, ఇవ్వడానికి."

కత్తి దూశాడు.

"చంపు. చంపితే మాత్రం ఇది నీదవుతుందా?"

మూడోసారి కత్తి పక్కన పెట్టి కూర్చుని చెల్లెలి సంగతి చెప్పాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. "నీ చెల్లెలిని తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. అయినా ఇది నాది కాదు."

 మాంత్రికుణ్ణి అడుగుదామంటే చిలుక వాడి చేతిలో లేదు. దాన్ని చేతిలో పెట్టుకున్న మనిషిని అడుగుదామంటే అది ఆమెది కాదు. తండ్రి అడిగినదానికి జవాబు ఈ పాకలో, ఈ ముసలామె ఒళ్ళో ఉంది.

"నీ కూడు ఎలా గడుస్తుంది అవ్వా?"

"పాక వెనక కొర్రచేను ఉంది. అందులో దీనికి మేత, నాకు కూడు. అంతకుమించి ముట్టకూడదని కట్టు."

"నీ తర్వాత ఎవరు?"

"అది వాడు చెప్పలేదు. నాకూ చావుంటుందని వాడికి తోచలేదు," అంది అవ్వ. "తొమ్మిదేళ్ళుగా మనిషి కోసం చూస్తున్నాను. వచ్చినవాళ్ళంతా దీని మెడ విరవడానికే వచ్చారు. నువ్వు దీన్ని చంపకుండా, మేత తప్పించకుండా చూస్తానంటే, నా తర్వాత నువ్వు."

మెడ విరిచేస్తే శత్రువు పోతాడు. విమలాంగుడి చేతులు ఒక్కసారి పంజరం వైపు కదిలాయి. కాని చేతికందిన నమ్మకాన్ని తానే విరిచేస్తే, రేపు చెల్లెలి కోసం ఎవరిని నమ్మమంటాడు? తాబేలు సాక్షిగా మాటిచ్చాడు. నాలుగో నాడు అవ్వ పోయింది. కొడుకులా ఆమెకు తలకొరివి పెట్టి, పంజరం ఎత్తుకున్నాడు.

జటాకర్ణుడు రొప్పుతూ వచ్చాడు. "నా చిలుక నాకిచ్చెయ్."

"నాది కాదు, ఇవ్వడానికి."

"నాదేగా."

"నీదే. నీ చేతిలో ఉండకూడదని కట్టు పెట్టినవాడివీ నువ్వే. దీన్ని మా ఊరు తీసుకెళ్తున్నాను. పిల్లి రాకుండా, వాన తడపకుండా చూస్తాను. మేత తప్పించనని అవ్వకు మాటిచ్చాను, కాని ఆ మేత ఎక్కడ పండించను? మా పొలాలు ఎక్కడికి పోయాయో నీకు తెలుసు."

మాంత్రికుడు పంజరం వంక చూశాడు, చేను వైపు చూశాడు, తల దించుకున్నాడు. చిలుక పస్తుంటే పోయేది తన ప్రాణమే. విమలాంగుడు తాబేలు మీద వేత్రవనపు ఒడ్డు చేరేసరికి తోటలూ ఆవులూ దూడలూ పొలాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి.

రాజుకు ఇంకా ఊపిరి ఉంది. విమలాంగుడు చెప్పింది విని రాగిరేకు తెప్పించి చెక్కించాడు. మందారిక వాటా ఇక మందారికది కాదు, అన్నలది కాదు, రాజుది కూడా కాదు. ముగ్గురి కాపలాలో ఉంటుంది. పడవలవాళ్ళ పెద్ద ఒకడు, మంత్రసాని ఒకతె, వైద్యుడు ఒకడు. ముగ్గురూ ఒప్పుకోనిదే గడ్డిపరక కదలకూడదు. దాని ఫలం మందారిక తిండికి, బట్టకు, మందుకు. కాపలాదారులు తమ కష్టానికి కూడు తినవచ్చు, అంతే. ప్రతివాడూ తాను బతికుండగానే తన తర్వాతివాడి పేరు సభలో చెప్పాలి. మందారిక తరువాత మిగిలింది దిక్కులేనివాళ్ళకు.

రణధీరుడి ముఖం చిన్నబోయింది. "నన్ను నమ్మలేవా తమ్ముడూ?"

"నిన్ను నమ్ముతాను అన్నయ్యా. నీ తర్వాత వచ్చేవాళ్ళెవరో నాకు తెలియదు."

రణధీరుడు తానే ఒక మాట చేర్చమన్నాడు: "పొద్దున్నే చెల్లికి ఒక బుట్టెడు పళ్ళివ్వండి. ఎవరికైనా ఇచ్చుకుంటుంది. ఇవ్వకుండా ఉండలేదు అది." అదీ చెక్కారు. ఆ రాత విన్నాక రాజు కళ్ళు మూశాడు.

రణధీరుడు తనంతట తానే కిరీటం తమ్ముడికిచ్చి సేనలు చూసుకున్నాడు. విమలాంగుడు పొరుగు రాజు కూతురు సుకేశినిని పెళ్ళాడి నలభై ఏళ్ళు ఏలాడు. చిలుకకు ఒక్క పూట కూడా మేత తప్పించలేదు. అది ముసలిదై ఒక మధ్యాహ్నం కునుకులోనే పోయింది. మాంత్రికుడు మళ్ళీ ఎక్కడా కనిపించలేదు. అడిగేవాళ్ళు మాత్రం ఏటా వచ్చేవాళ్ళు, బుట్టలోని పండు తిని వెళ్ళేవాళ్ళు.

అన్నలిద్దరూ పోయారు. మందారిక ఎనభై రెండేళ్ళు బతికింది. వేళకు వేడన్నం తింది, ఉతికిన చీర కట్టింది, జ్వరం వస్తే వైద్యుడు పక్కనే కూర్చున్నాడు. ఆమె పోయిన నాడు పాడె మోసిన ముగ్గురూ మూడో తరం కాపలాదారులు. సుధన్వుడెలా ఉంటాడో వాళ్ళలో ఎవరికీ తెలియదు. రాగిరేకు మీదున్న ఆయన మాట మాత్రం ముగ్గురికీ కంఠతా వచ్చు. మరునాడు పొద్దున్నే ఊళ్ళో దిక్కులేనివాళ్ళందరినీ పిలిచి, తోట తలుపు తెరిచారు.