చిల్లుల కాగితం ధర

తిమ్మభూపతి దొరకి తన మీసాలంటే తగని ముచ్చట. చిత్తరువులు రాసే పోలమ్మను దివాణానికి పిలిపించి, తన బొమ్మ రాయమన్నాడు.

పోలమ్మ ముందు కాగితం మీద దొర ముఖం గీసి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచింది. దాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి అద్దితే, దొర మీసాలతో సహా గుడ్డ మీదికి దిగిపోయాడు. ఆపైన రంగులు వేసింది.

దొర వింతగా ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. చిల్లుల్లోంచి తన ముఖమే మెరిసింది.

“బొమ్మ ఎంత?”

“పది రూకలు దొరా.”

“మరి ఈ కాగితం?”

“వెయ్యి.”

“రంగు లేదు, గుడ్డ లేదు. ఉత్త చిల్లులకు వెయ్యా? పదికి ఇస్తావా, ఊరు విడిచిపోతావా?”

పోలమ్మ గుమ్మం వైపు చూసింది. సుంకం కట్టిన బండివాళ్లు వరసగా నిలబడ్డారు. దొర పక్కనే ఉంది, వాళ్ల చీటీల మీద గుద్దే కొయ్యముద్ర.

“ఆ చీటీ ఎంత దొరా?”

“రూక.”

“చీటీకి కాగితమైనా ఉంది, సిరా అయినా ఉంది. ఆ ముద్ర ఉత్త కొయ్యముక్కేగా. రూకకు అది నాకిప్పించండి, పది రూకలకు ఈ కాగితం తీసుకోండి.”

బండివాళ్లందరూ ఒక్కసారి తలెత్తి ముద్ర వైపు చూశారు. దొర దాన్ని గబుక్కున మొలలో దోపుకున్నాడు. కాసేపు మీసం దువ్వుకుని, కాగితాన్ని పోలమ్మ చేతికిచ్చేశాడు.

“ఇంకో నాలుగు బొమ్మలు రాయి,” అన్నాడు. “పది రూకల చొప్పునే.”